బీరువా పై అరలో వేంచేసి ఉన్న హార్డ్ డిస్కు గారికి

మహారాజశ్రీ ఎనభై జీబీ హార్డ్ డిస్కు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అందామంటే మీ కుశలం మీదే నాకు అనుమానంగా ఉంది. మొన్న కరెంటు ఇవ్వగానే టిక్కు టిక్కుమన్నారు. సరిగ్గా అప్పుడే నేను "ఇందులో అన్నీ ముఖ్యమైనవే" అంటున్నాను. మా ఆవిడ బల్లి పలికిందనుకుని సత్యం సత్యం అంది. అది బల్లి కాదని, లోపల రీడింగ్ హెడ్ దారి దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోందని చెప్పాక, "అయితే ఇంకా ఎందుకండీ, చీరల మధ్య?" అంది.

ఆవిడ ప్రశ్నలో న్యాయముంది. బెంగళూరులో ఇల్లు మారినప్పుడల్లా ఏదో ఒకటి వదిలించుకున్నాం. మారతహళ్లి పీజీ హాస్టల్లో ఉన్నప్పటి పరుపు పోయింది, బీన్‌బ్యాగ్ పోయింది, పెద్ద డబ్బా టీవీ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేక బతిమాలి ఇచ్చాం. మీరు మాత్రం ప్రతి కొత్తింట్లోకీ పాలు పొంగకముందే దేవుడి పటాల డబ్బాలో వచ్చేశారు. అడ్వాన్సు కట్టేది మేము, కాలు మీద కాలేసుకుని కూర్చునేది మీరు.

పోనీ లోపల ఏం దాచారో చూద్దామని తెరిస్తే, "పాతది" అని ఒక ఫోల్డర్. అందులో "డి డ్రైవ్ మొత్తం". దాంట్లో మళ్లీ "పాతది". అవే తిరుపతి ఫొటోలు మూడు చోట్లా ఉన్నాయి, అన్నిట్లోనూ మా బాబాయి కళ్లు మూసుకునే ఉన్నాడు. కెమెరా పెట్టిన ఫైళ్ల పేర్లన్నీ డీఎస్‌సీ అని మొదలవుతుంటే మా నాన్నగారు టీచర్ పోస్టుల నోటిఫికేషన్లనుకుని కళ్లజోడు వెతుక్కున్నారు. ఇక ఫొటోల బుల్లి నమూనాలు దాచుకోడానికి విండోస్ ఎక్స్‌పీ తనంతట తాను పెట్టుకున్న థంబ్స్ డాట్ డీబీ ఫైలైతే పిలవని పేరంటాలిలా ప్రతి ఫోల్డర్‌లోనూ హాజరు. అమీర్‌పేట జావా నోట్సు స్కాన్లున్నాయి. యాహూ మెసెంజర్ సెటప్ ఫైలుంది. ఆ మెసెంజర్‌ని 2018లోనే మూసేశారు, అయినా మీరు దాని ఇన్‌స్టాలర్‌ని తాతల నాటి తామ్రపత్రంలా కాపాడుతున్నారు.

వీటితో నాకు తగువు లేదు. మా అక్క పెళ్లి శుభలేఖ దగ్గరే మీతో పేచీ.

అప్పట్లో తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆ పద్ధతిలో లోపలుండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, పైకి కనబడే రూపం మాత్రం తెలుగుది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఓ ప్రశ్నార్థకం. వరుడెవరో, ముహూర్తమెప్పుడో బ్రహ్మక్కూడా తెలియదు. ప్రతి భాష అక్షరానికీ దాని సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. మా ఊరి డీటీపీ సెంటరాయనకి ఈ కబురు అందేసరికి అక్కకి ఇద్దరు పిల్లలు. పెళ్లి లక్షణంగా నిలిచింది, శుభలేఖే నిలవలేదు. మీరేమో ఒక్క బైటు కూడా పోలేదని మీసం మెలేస్తారు! చదవడానికి రానిదాన్ని ఎంత భద్రంగా ఉంచితే ఏం లాభమండీ?

మిమ్మల్ని పట్టుకుని బెంగళూరు కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. మీ కాలం నాటి ఐడీఈ పిన్నులకి యూఎస్‌బీ తగిలించే కన్వర్టర్ అక్కడ కాకపోతే ఇంకెక్కడ దొరుకుతుంది? కొట్టతను మిమ్మల్ని చెవి దగ్గర పెట్టుకుని విని, పెదవి విరిచి, "డేటా బేకా, బేడ్వా?" అన్నాడు. కావాలా వద్దా, అంతే. ఇన్నేళ్లలో మీరు ఒక్కసారైనా నన్ను అడగని మాట అది. అడగరు కూడా. నేను డిలీట్ నొక్కినా రీసైకిల్ బిన్‌లో కూర్చోబెడతారు. అదీ ఖాళీ చేస్తే జాబితాలో పేరు కొట్టేసి, ఇంకేదైనా వచ్చి పైన పడేదాకా సరుకుని అక్కడే ఉంచుతారు. గవర్నమెంటు ఆఫీసులో కూడా ఫైలు ఇంత భద్రంగా పెండింగ్‌లో ఉండదు.

చోటు చాలకపోతే ఈపాటికి ఏదో ఒకటి తేల్చేవాణ్ణి. ఇవాళ గోరంత మెమరీ కార్డే 256 జీబీ. మిమ్మల్ని మొత్తం అందులో పోసినా మూడింట రెండొంతులు ఖాళీ. దాచడం ఇంత చవకైతే తేల్చుకునే కష్టం ఎవడు పడతాడు? "రిటైరయ్యాక తీరిగ్గా చూద్దాం" అంటాం. అప్పటిదాకా మీ మోటారు తిరగాలిగా!

అందుకే నేనే తేల్చేశాను. పాటలు పోతాయి, అన్నీ ఫోన్లో దొరుకుతున్నవే. మెసెంజర్‌కి కర్మకాండ జరుగుతుంది. ఎప్పుడో మూతబడ్డ ఆర్కుట్ సైటు పేజీలు, "రేయ్ మామా పార్టీ ఎప్పుడు" అన్న స్క్రాపులతో సహా, పోతాయి. తిరుపతి ఫొటోలు ఒక్క సెట్టు ఉంటుంది, బాబాయి కళ్లు మూసుకున్నా సరే. శుభలేఖని యూనికోడ్‌లోకి మార్పిస్తాను, ఒత్తులు ఎగిరిపోతే అక్క చేతే దిద్దిస్తాను.

అన్నిటికంటే అడుగున "రికార్డింగ్ 7" అని ఒక ఏఎమ్ఆర్ ఆడియో ఫైలుంది. పాత నోకియా ఫోన్లో పట్టింది, వంద కేబీ కూడా లేదు. అమ్మమ్మ ఆవకాయ కొలతలు చెబుతోంది. కారం ఇంత, ఉప్పు ఇంత, నూనె చూసుకుని పోయండి అంటుంది. ఆవపిండి దగ్గరకొచ్చేసరికి కుక్కర్ విజిలేసింది. ఎంతో ఆ కుక్కర్‌కే తెలియాలి. అది మాత్రం నా ఫోన్లోకి, అక్క ఫోన్లోకి, పిన్ని ఫోన్లోకి ఇప్పటికే వెళ్లిపోయింది. ఆవపిండి మీద అక్కకీ పిన్నికీ ఫ్యామిలీ గ్రూపులో గొడవ కూడా మొదలైంది.

కాబట్టి ఆదివారం కాపీ అయ్యేదాకా దయచేసి ఊపిరి బిగబట్టండి. తర్వాత మీ ఇష్టం. మీలాంటి వారి లోపల గట్టి అయస్కాంతాలుంటాయని మా వాడికి స్కూల్లో ఎవరో చెప్పారట. వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని బీరువా చుట్టూ తిరుగుతున్నాడు. ఫ్రిజ్ మీద బెస్కాం కరెంటు బిల్లు ఎప్పుడూ జారిపోతుంటుంది.

ఇట్లు,
మీ చీరల అర బాడుగ కడుతున్నవాడు