ఎవరి గొప్ప వారిదే

అమెరికా తనను మిగతా దేశాలకు మించినదిగా భావించుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, 1630లో అమెరికాకు వలస వెళ్లిన ఇంగ్లిష్ వారి నాయకుడు జాన్ విన్‌త్రాప్ తమ వలసను లోకమంతా చూసే 'కొండ మీది పట్టణం' అనడం దగ్గర మొదలుపెట్టి బాగా రాశారు. 2009లో ఒబామా అన్న మాట మాత్రం వదిలేశారు. తమ దేశం ప్రత్యేకమని తాను నమ్ముతానని, బ్రిటిష్‌వారూ గ్రీకులూ తమ దేశాల గురించి అలాగే నమ్ముతారు కాబోలని అన్నారాయన. అంత మాత్రానికే స్వదేశంలో ప్రత్యర్థుల చేత తిట్లు తిన్నారు!

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. మా వీధి టీ కొట్టు బల్ల మీద తెలుగు పత్రిక, ఒడియా పత్రిక పక్కపక్కనే ఉంటాయి. గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడే పాఠాలు చెప్పారని ఒకరంటే, ఒడిశా ఏర్పడింది మా గజపతి మహారాజు పూనిక వల్లేనని ఇంకొకరు అంటారు. టీ చల్లారినా తగవు చల్లారదు. మన దేశమే లోకానికి 'విశ్వగురువు' అన్న మాట వస్తే మాత్రం ఇద్దరూ ఒకటే. కొండ దిగి చింతపండు అమ్ముకోవడానికి వచ్చిన సవర ఆవిడ గంప దించుకుని ఇదంతా వింటూ ఉంటుంది. గిడుగు వారు పనిగట్టుకుని నేర్చుకున్నది ఆమె భాషనే. వీళ్లిద్దరికీ అందులో నాలుగు మాటలు రావు (నాకూ రావు లెండి).