పోర్టల్ వెనుక మనిషి ఉండాలి

సరఫరాదారు పేరు కొనుగోలు సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదైతే చాలు, వ్యాపార బంధం కుదిరినట్టేనని చాలా సంస్థలు నమ్ముతున్నాయి. ఆ నమ్మకం ప్రమాదకరమని మేము భావిస్తున్నాం. ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు, చెల్లింపులు కంప్యూటర్ మీదే సాగిపోవడం మేలే. కానీ సరుకు ఒక్కరోజు ఆలస్యమైందని సాఫ్ట్‌వేర్ దానంతట అదే జరిమానా వేసి, రేటింగ్ తగ్గించేస్తే, కారణం చెప్పుకోవడానికి అవతల ఒక మనిషంటూ ఉండాలి కదా!

1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో టయోటాకు విడిభాగాలు సరఫరా చేసే ఐసిన్ సెయికి సంస్థ కర్మాగారం తగలబడింది. టయోటా కార్ల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. ఉన్న నిల్వ మహా అయితే రెండు మూడు రోజులకు వస్తుంది. టయోటా అసెంబ్లీ లైన్లు ఆగిపోయాయి. ఐసిన్ ఆ వాల్వు డ్రాయింగులను ఇతర సంస్థలకు పంచిపెట్టింది. పదుల సంఖ్యలో సంస్థలు సొంత పనులు పక్కన పెట్టి వాల్వుల తయారీకి దిగాయి. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ సంస్థ సైతం ఒక మిల్లింగ్ యంత్రాన్ని ఇందుకోసం మార్చుకుంది. ధర ఎంతిస్తారు, నష్టం ఎవరు భరిస్తారు అని ముందుగా బేరమాడినవారు లేరు. కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి తిరిగి మొదలైంది. ఏళ్ల తరబడి ఒకరి కర్మాగారంలో ఒకరు తిరిగిన ఇంజినీర్లు లేకపోతే అది జరిగేది కాదు.

సాంకేతికత ఈ పరిచయాలకు శత్రువేమీ కాదు. 1980ల చివర్లో అమెరికాలో సబ్బుల వంటి సరుకులు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గాంబుల్, వాటిని అమ్మే దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ అమ్మకాల సమాచారాన్ని కంప్యూటర్ల ద్వారా పంచుకోసాగాయి. అంతకుముందు ఒక సేల్స్‌మన్, ఒక కొనుగోలు అధికారి ధర దగ్గర తలపడేవారు. ఆ తర్వాత ఇరుపక్షాల ఆర్థిక, రవాణా, కంప్యూటర్ విభాగాలవారు కలిసి కూర్చున్నారు. అలా కూర్చోకుండా లెక్కలు మాత్రమే చేతులు మారితే, వాటిని చూపించి ధర తగ్గించమంటారేమోనన్న అనుమానమే మిగిలేది.

ఇప్పుడు కొనుగోలు అధికారులను తరచూ మారుస్తున్నారు, పాత సంగతులు సిస్టమ్‌లో ఉంటాయన్న ధీమాతో. ధరలు, తేదీలు ఉంటాయి, నిజమే. కష్టకాలంలో రాత్రికి రాత్రి సరుకు పంపి ఆదుకున్నది ఎవరో అందులో ఉండదు.

అందుకే ప్రతి ఒప్పందంలోనూ నిర్ణయాధికారం ఉన్న ఒక వ్యక్తి పేరు రెండు వైపులా ఉండాలి. ఆ వ్యక్తి సరఫరాదారు మాట వినేదాకా జరిమానా అమలు కాకూడదు. చిన్న సరఫరాదారు ఈ షరతు పెట్టలేడు. పెద్ద కొనుగోలుదారులే తమంతట తాము దీన్ని ఒప్పందంలో రాయాలి.