ఐదో నెల స్కాన్ తప్పిపోయి, తొమ్మిదో నెలలో మాత్రం వారానికోటి

మన దగ్గర కడుపుతో ఉన్నావిడ ఫైల్ తిరగేస్తే స్కాన్ రిపోర్టులకి కొదవేం ఉండదు, కాకపోతే చాలా ఫైళ్లలో సగం పైన ఏడో నెల దాటాక తీసినవే, తేడా అంతా అక్కడే ఉంది.

అసలు ఎక్కువ పనికొచ్చేవి ముందు స్కాన్‌లు. మూడో నెల లోపు పిండం పొడవు కొలిచి చెప్పే డెలివరీ డేట్‌లో తేడా వస్తే వారం రోజులు వస్తుంది, అంతే. కవలలా, ఇద్దరికీ మాయ ఒకటేనా అన్నది కూడా అప్పుడే బాగా తెలుస్తుంది. తర్వాత 18 నుంచి 22 వారాల మధ్య టిఫా, అంటే బిడ్డ అవయవాల్లో లోపాలు వెతికే ఐదో నెల స్కాన్, అందులో గుండె, వెన్ను, మెదడు, కిడ్నీలు ఒక్కోటీ చూస్తారు. డబ్ల్యూహెచ్‌వో 2016లో చెప్పింది కూడా 24 వారాల లోపు ఒక్క స్కాన్ అయినా తీయించమనే.

ఆ 24 మనకి ఇంకోరకంగా కూడా ముఖ్యం. 2021లో ఎంటీపీ చట్టం, అంటే అబార్షన్ చట్టం మార్చాక బిడ్డకి పెద్ద లోపం ఉందంటే గర్భం తీయించుకోడానికి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చాలు, అది దాటితే మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాలి. టిఫా టైంకి అయితే ఇంట్లోవాళ్లకి ఆలోచించుకోడానికి, ఇంకో డాక్టర్‌ని అడగడానికి రెండు వారాలైనా దొరుకుతాయి.

ఇక చివరి నెలల స్కాన్‌లు. బీపీ, షుగర్ ఉన్నా, బిడ్డ సరిగ్గా ఎదగకపోయినా, మాయ కిందకి ఉన్నా ఇవి ప్రాణాలు కాపాడతాయి, బిడ్డకి రక్తం సరిగ్గా అందుతోందా అని చూసే డాప్లర్ స్కాన్ ఉన్నదే అందుకు. కానీ ఏ ఇబ్బందీ లేని తల్లికి 24 వారాల తర్వాత రొటీన్‌గా తీస్తూ పోతే లాభం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. "పేగు మెడకి చుట్టుకుంది" అంటారు, అది నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఉండేదే, ఎక్కువమంది మామూలుగానే పుడతారు. బరువు అంచనా 15 శాతం అటూ ఇటూ పోవచ్చు, అంటే రిపోర్టులో మూడున్నర కేజీలున్న బిడ్డ నిజానికి మూడు కేజీలే కావచ్చు! తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేట్‌లో అయితే 81.5 అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఇదంతా స్కాన్‌ల వల్లే అనను, ముహూర్తాల పిచ్చి ఉంది, బిల్లు లెక్కలున్నాయి, నొప్పులంటే భయమూ ఉంది. కానీ చేతిలో ఆ కాగితం పెట్టి ఉమ్మనీరు తగ్గింది అన్నాక ఎదురు అడిగే అత్తగారు గానీ మొగుడు గానీ ఎవరున్నారు చెప్పండి?

2022లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు ఆసుపత్రులకి టిఫా మెషిన్లు ఇచ్చింది, మంచి పనే. కానీ ఓపిగ్గా కూర్చుని గుండె నాలుగు గదులూ వెతికి చూసే మనిషి కూడా కావాలి కదా.

పైగా టిఫా ఎంతమందికి టైంకి అవుతోందో లెక్క తీయడానికి కొత్తగా సర్వే కూడా అక్కర్లేదు. లింగ నిర్ధారణ ఆపే చట్టం కింద గర్భిణికి తీసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపాలి, అందులో ఎన్నో వారమో, స్కాన్ ఎందుకో రాస్తారు. అబ్బాయా అమ్మాయా చెప్పేశారేమోనని తనిఖీ చేసే అధికారులు అదే కాగితంలో ఆ వారాల కాలమ్ కూడా చూసి, జిల్లాలో ఎంతమందికి టిఫా 22 వారాల లోపు అయిందో నెలనెలా బయట పెట్టొచ్చు.