ఎనిమిదో నరం

వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, దాన్నుంచి బయల్దేరే నరాలు 31 జతలు. మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికంలో (నడుము కింది ఎముకలో) 5, అనుత్రికంలో (దాని కొసనున్న తోక ఎముకలో) 1. పాఠం అంతవరకూ సాఫీగానే నడిచింది. ముందు వరుసలోంచి ఒక చెయ్యి లేచింది.

"మెడలో పూసలు ఏడే కదండీ, ఎనిమిదో నరం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఈ లెక్క కట్టిన మహానుభావుడెవరో గాని, అప్పట్లో నిలదీసే నాథుడు లేకపోయాడు. మెడలో మొదటి ఏడు నరాలూ తమ నంబరు పూసకి పైనుంచి బయటికొస్తాయి. ఏడో పూస కింద ఇంకొకటి మిగిలింది. దానికి ఎనిమిది అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. అక్కణ్ణుంచి కిందికి ప్రతి నరమూ తన పూస కిందనుంచే! ఈ గజిబిజి నోటితో చెబితే ఎక్కదని చేతులు తిప్పి చూపించబోతే, మోచెయ్యి ఠపీమని బల్ల అంచుకి కొట్టుకుంది.

తగిలింది ఎముకకి కాదు. మోచేతి లోపలి బొడిపె వెనక గాడిలో అల్నార్ నరం పోతుంది. దానిమీద చర్మం తప్ప చెప్పుకోదగ్గ అడ్డేమీ లేదు. ఇల్లంతా కట్టి, మెయిన్ తీగని మాత్రం గుమ్మానికి అడ్డంగా లాగి వదిలేసినట్టు! దెబ్బ మోచేతికి, జివ్వుమన్నది చిటికెన వేలూ, ఉంగరపు వేల్లో సగమూ. నరంలోని పోగులు ఆ వేళ్లనుంచి వచ్చేవి కాబట్టి, దారిలో ఎక్కడ కదిపినా మెదడు ఫిర్యాదుని వేళ్ల పేరుమీదే రాసుకుంటుంది. కబురు సెకనుకి దాదాపు 50 మీటర్ల చొప్పున పరిగెత్తి, సెకనులో నూరో వంతుకల్లా పృష్ఠ మూలం (నరం వెనకవైపు వేరు) గుండా వెన్నుపాములో దూరుతుంది. ముఖం సర్దుకోవడానికి ఆ వ్యవధి చాలదు. సర్దుకున్నా లాభం లేదు. వెనకాల తొడుగు లేని సన్న పోగులున్నాయి, వాటి నడక సెకనుకి 2 మీటర్లు దాటదు. "ఏం లేదు" అనబోయేసరికి అసలు సలుపు తీరిగ్గా దిగుతుంది.

అరచేతిలోని చిన్న కండరాలు చాలావరకు ఈ నరం చెప్పుచేతల్లోవే. సుద్దముక్క ఎటో ఎగిరింది.

ఇంతకీ ఆ అల్నార్ నరం పుట్టేది మెడలో ఎనిమిదో నరం, ఛాతీలో మొదటి నరం మూలాల్లోంచి. అడిగిన ప్రశ్నకి ఇంతకంటే ప్రత్యక్ష జవాబు ఉండదు. చెబుదామంటే నోరు పెగల్లేదు.

ముందు వరుస మళ్లీ అడిగింది. "ఎముకకి గట్టిగా తగిలిందాండీ?"