కెమెరా చీరను చూడాలి, కొనేవాళ్ల ముఖాన్ని కాదు

నల్లగొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ పెద్ద బట్టల షాపుల్లో గోడకు డిజిటల్ తెర ఉండటం ఇప్పుడు మామూలైంది. అందులో అవే ప్రకటనలు పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుగుతుంటాయి. ఆ తెరకు కెమెరా బిగించి, ఎదురుగా నిలబడ్డ మనిషిని బట్టి ప్రకటన మార్చే పద్ధతి బయటి దేశాల్లో పాతదే. బ్రిటన్‌లో టెస్కో తన 450 పెట్రోల్ బంకుల్లో ఇలాంటి తెరలు పెడుతున్నట్టు 2013లోనే వార్తలొచ్చాయి. రేపు మన షాపులకూ ఈ బేరం వస్తుంది. అప్పుడు యజమానులు ధర కన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది. ఆ కెమెరా ఎటు తిరిగి ఉంటుంది?

ఇప్పటిదాకా అది మనిషి వైపే తిరిగి ఉంది. ముఖం కనబడగానే సాఫ్ట్‌వేర్ వయసెంతో, ఆడో మగో, ఎన్ని సెకన్లు చూశారో అంచనా కడుతుంది. యాభై దాటిన మగవాడైతే పంచెలు, పాతికేళ్ల అమ్మాయైతే లెహంగాలు చూపిస్తుంది. ఈ అంచనా మన ముఖాల మీద ఎంత నిలుస్తుందన్నది మొదటి సందేహం. జాయ్ బులమ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు 2018లో మూడు పేరున్న కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆడో మగో చెప్పడంలో తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి అది 34.7 శాతం దాకా పోయింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు మెరుగుపడ్డాయి, నిజమే. అయినా ఎండలో పనిచేసి వచ్చే పాలమూరు ముఖాల మీద పరీక్షించి చూపించకుండా ఎవరూ కొనకూడదు.

అంచనా సరిగ్గా వచ్చినా పని జరుగుతుందా? దేవరకొండ వైపు నుంచి పెళ్లి బట్టలకు వచ్చే కుటుంబాన్నే తీసుకోండి. కట్టుకునేది పిల్ల, అంచు బాగుందో లేదో చెప్పేది తల్లి, చివరికి తేల్చేది మేనత్త. డబ్బు తండ్రి జేబులో ఉంటుంది, ఆయనేమో పక్కన కుర్చీలో కూర్చుని తెర చూస్తుంటాడు. కెమెరా లెక్కలో ఎక్కువసేపు చూసిన కస్టమర్ ఆయనే, కాబట్టి తెర మీద పంచెలు వస్తాయి. చీర బేరం మాత్రం పరుపు మీద జరుగుతుంటుంది.

నా అసలు భయం వేరే. వయసు చూసి ప్రకటన మార్చే యంత్రం రేపు చొక్కా చూసి కూడా మారుస్తుంది. పత్తి అమ్మిన డబ్బుతో నేరుగా వచ్చిన రైతుకు నలిగిన బట్టలు చూసి చౌక రకాలు చూపించడం అవమానం. కొందరు సేల్స్‌మెన్ ఇప్పటికే ఆ పని చేస్తారు. మనిషైతే మాట కలిపాక సర్దుకుంటాడు, తెరకు ఆ మర్యాద తెలియదు.

ఫొటోలు దాచం, వెంటనే చెరిపేస్తాం అని అమ్మేవాళ్లు చెబుతారు. కెనడాలో మాల్స్ నడిపే క్యాడిలాక్ ఫెయిర్‌వ్యూ సంస్థ కూడా అదే చెప్పింది. 12 మాల్స్‌లో దారి చూపించే తెరల్లో కెమెరాలు పెట్టి, దాదాపు 50 లక్షల ముఖాల చిత్రాలు తీసిందని 2020 అక్టోబరులో అక్కడి ప్రైవసీ కమిషనర్లు తేల్చారు. ఆ ముఖాలను అంకెల్లోకి మార్చిన వివరాలు వేరే కంపెనీ దగ్గర నిల్వ ఉన్నాయని కూడా బయటపడింది. మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. దొంగల కోసం పెట్టిన సీసీ కెమెరా బోర్డు చూపించి ప్రకటనలకూ ఒప్పుకున్నట్టే అంటే ఈ చట్టం ముందు నిలబడటం కష్టం. 18 ఏళ్ల లోపు పిల్లల కదలికలు గమనించి వాళ్లకు ప్రకటనలు వేయడాన్ని చట్టం నిషేధించింది, జరిమానా 200 కోట్ల దాకా ఉంది. అమ్మ కొంగు పట్టుకుని పిల్లలు రాని బట్టల షాపు ఎక్కడుంది?

ఇంత తలనొప్పి లేకుండా అదే కెమెరాతో మంచి పని చేయించవచ్చు. దాన్ని పైకప్పుకు బిగించి, కిందికి, పరుపు మీదికి తిప్పాలి. సేల్స్‌మన్ గద్వాల చీర విప్పగానే తెర మీద ఆ నేత రావాలి. నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే ఎలా కలుపుతారో చూస్తే, ధర ఎందుకంతో ఎవరూ చెప్పక్కర్లేదు.

పోచంపల్లి చీరకైతే ఇది ఇంకా అవసరం. ప్రింట్ వేసిన గుడ్డను ఇక్కత్ పేరుతో అంటగట్టడం చాలా కాలంగా నేతన్న పొట్ట కొడుతోంది. ఇక్కత్‌లో నేతకు ముందే నూలును కట్టి రంగులో ముంచుతారు కాబట్టి బొమ్మ అంచులు కాస్త అలుక్కున్నట్టుంటాయి, చీర తిరగేసినా రంగు అంతే ఉంటుంది. మామూలు ప్రింట్ అయితే వెనక వెలిసినట్టు కనబడుతుంది. సేల్స్‌మన్ చీర తిప్పినప్పుడు ఆ రెండు వైపులనూ పెద్దగా చేసి తెర మీద పక్కపక్కన చూపిస్తే చాలు. ఇది అసలు, అది నకిలీ అని యంత్రం తీర్పు చెప్పకూడదు. మంచి ప్రింట్ దాన్ని మోసం చేయగలదు, పొరపాటున అసలు చీరనే నకిలీ అంటే నష్టపోయేది నేతన్నే.

చీర రకాలు గుర్తుపట్టేలా సాఫ్ట్‌వేర్‌కు నేర్పాలంటే వేల ఫొటోలు కావాలి. ఆ చీరలు పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాళ్ల దగ్గరే ఉన్నాయి. చేనేత శాఖ ఫొటోలు తీయించి, వాటికి వాళ్లకు డబ్బిచ్చి, ముందుగా సొసైటీ షోరూముల్లోనే ఒక బతుకమ్మ సీజన్ పాటు ఈ తెర పెట్టి చూడాలి.