డెలిగేషన్ పాఠం గారికి, మేల్ మెడికల్ వార్డు నుంచి

మహారాజశ్రీ డెలిగేషన్ పాఠం గారి దివ్యసముఖమునకు, కోనసీమలో ఓ ఆస్పత్రి నుంచి కొత్త స్టాఫ్ నర్సు నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. మీరు మా నర్సింగ్ పుస్తకంలో, పని ఇంకొకరికి అప్పగించడమెలాగో చెప్పే పాఠంగా ఉన్నారు కాబట్టి మీకు కుశలానికి లోటుండదు. మా కుశలం నిన్న మధ్యాహ్నం రౌండ్స్‌లో తేలిపోయింది.

"ఔట్‌పుట్ ఎంత?" అన్నారు డాక్టరుగారు.

ఏడో మంచం మీద గోదావరి లంక నుంచి వచ్చిన పెద్దాయన. గుండె బలహీనపడి, కాళ్ళు పొంగి, ఆయాసంతో చేరారు. ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా దించే లేసిక్స్ మందు ఇస్తున్నాం. నీరు ఎంత పోయిందో తెలియకపోతే మందు పెంచాలో తగ్గించాలో ఎవరికి తెలుస్తుంది? అందరూ చార్టు చూశారు. గడి ఖాళీ. వంగి మంచం కింద యూరిన్ బ్యాగు చూశారు. రెండు లీటర్లు పట్టే బ్యాగు తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. ఇక చూడ్డానికి మిగిలింది నేనే కాబట్టి నన్ను చూశారు.

తమరు చెప్పిందంతా చేశాను సుమండీ. సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. వైవాలో వేళ్ళు ముడుస్తూ అప్పజెప్పినవే. నేను అప్పగించింది ఇంజెక్షన్ కాదు, పేషెంటు ఎలా ఉన్నాడో తేల్చమనీ కాదు. బ్యాగులోది జగ్గులో పోసి కొలవడం. ఆ పని నాకన్నా బాగా చేసే మనిషికే, మా వార్డు ఆయా పిన్నిగారికే చెప్పాను. "పిన్నిగారూ, ఏడో మంచం బ్యాగు కొలవకుండా పారబోయకండి. ఎంతొచ్చిందో నాకు చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నాను. "ఆయ్, అలాగేనమ్మా" అన్నారు. తమరి ఆజ్ఞ ప్రకారం ఆవిడ చేత తిరిగి చెప్పించుకున్నాను కూడా.

అంతలో క్యాజువాలిటీలో స్ట్రెచర్ తోసేవాళ్ళు లేరని సూపర్‌వైజర్ ఆవిణ్ణి పట్టుకుపోయారు. అక్కణ్ణుంచి స్కానింగ్‌కి, స్కానింగ్ నుంచి ల్యాబ్‌కి, ల్యాబ్ నుంచి ఎవరో పెద్దమనిషి చుట్టాలకి టీలు తేవడానికి. నాతో ఒక్క మాట లేదు. బదులుగా పక్క వార్డు ఆయా వచ్చింది. బ్యాగు నిండుగా ఉంది. తీసుకెళ్ళి పారబోసి, క్లాంపు కూడా బిగించి పోయింది. ఆమెననడానికేముంది? నిండిన బ్యాగు చూసి ఊరుకుంటే అప్పుడు తిట్టాలి.

సరైన మనిషిని ఎంచుకోమన్నారు, బాగానే ఉంది. ఎంచుకున్న మనిషిని వార్డులో ఉండనిస్తారా లేదా అన్నది ఏ పేజీలో రాశారండీ?

మీ పుట్టిల్లు అమెరికా అని తెలుసు. అక్కడ వృద్ధుల్ని చూసుకునే నర్సింగ్ హోముల్లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987లోనే చట్టం చేశారట. మా పిన్నిగారు ఊడవడానికి చేరి, మనుషులు చాలక పేషెంట్ల దగ్గరికొచ్చారు. ఒక్క గంట క్లాసు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. అయినా మంచం మీది మనిషిని లేపకుండా ఓ పక్కకి ఒత్తిగిలించి, పాత దుప్పటి చుట్టి, దాని వెంటే కొత్తది పరిచి, ఇటు తిప్పి లాగేస్తారు. ముడత ఉండదు. "ఆయన మొహం బాలేదు, ఓసారి చూడమ్మా" అని ఆవిడంటే నేను బీపీ మిషను పట్టుకుని పరిగెడతాను.

అక్కడే నర్సులు పని అప్పగించడం గురించి 2019లో వచ్చిన మార్గదర్శకాల్లో యాజమాన్యం బాధ్యతలు, నర్సు బాధ్యతలు, పని అందుకున్నవాళ్ళ బాధ్యతలు వేర్వేరుగా రాశారు. అందులో మొదటి భాగం మా దాకా రాలేదు. ధవళేశ్వరం దగ్గర గేట్లేసి ఆపేశారేమో కనుక్కోండి.

మా దాకా భేషుగ్గా పారిన వాక్యం ఒకటే: పని అప్పగించినా జవాబుదారీ నర్సుదే. మీ అయిదు సూత్రాలు ఎవరికీ గుర్తుండవు గానీ ఇది డాక్టరుగారికి, ఇన్‌ఛార్జి సిస్టర్‌కి, సూపర్‌వైజర్‌కి కంఠతా వచ్చు. అమ్మ వయసు మనిషికి పని చెబితే "కొత్త పిల్ల, అప్పుడే పెత్తనం". చెప్పక నేనే చేసుకుంటే "ఆయాలతో పని చేయించుకోవడం రాదు". ఇక ఎంత తాగారో రాసే ఇంటేక్ గడి సంగతి అడక్కండి. నీళ్ళు కొలిచి ఇమ్మంటే, పెద్దాయన కొడుకు నా వెనక బొండం కొట్టించి తాగిస్తాడు. "బొండం నీళ్ళు కూడా లెక్కేనా సిస్టర్?" లెక్కే నాయనా.

డాక్టరుగారు "మళ్ళీ కొలిచి సాయంత్రానికి చెప్పండి" అని వెళ్ళిపోయారు. అంతవరకూ ఆ పెద్దాయన దిండ్లకి ఆనుకుని రొప్పుతూనే ఉన్నాడు. నాకు మాత్రం సంజాయిషీ రాయమని కాగితం. మనిషిని లాక్కుపోయే అధికారం ఒకరిది, సంజాయిషీ ఇంకొకరిదీనా? సిగ్గుండక్కర్లేదూ! తమర్ని కాదు లెండి. తమర్ని కూడా.

ఇవాళ పొద్దున పిన్నిగారు డ్యూటీకి రాగానే సంగతంతా విన్నారు. ఏమీ అనలేదు. ప్లాస్టర్ ముక్క చింపి, నా పెన్ను లాక్కుని, "కొలిచి పొయ్యండి" అని రాసి బ్యాగుకి అంటించారు. ఇంకో ముక్క మంచం కమ్మీకి. కొలిచినప్పుడల్లా దాని మీద ఓ అంకె. ఆవిణ్ణి ఎటు తీసుకుపోయినా, ఎవరొచ్చి పారబోసినా లెక్క మంచం దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నానికి చార్టులో గడులన్నీ నిండాయి.

రౌండ్స్ అయ్యాక సూపర్‌వైజర్ వచ్చారు. మంచాలకి ప్లాస్టర్లు అంటించి స్టాకు తగలేస్తున్నదెవరని అడుగుతున్నారు. నన్నే.