కూయనివ్వరు, కోయనివ్వరు

మహారాజశ్రీ పెరటి కోళ్ల నిబంధన గారికి,

అమెరికాలో ఒక చిన్న పట్టణపు చివర, పావు ఎకరం కూడా లేని స్థలంలో కాపురముంటున్న తెలుగువాడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు పట్టణ మండలిలో ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. అభినందనలు. తమ పుట్టుకకు ముందు జరిగిన బహిరంగ విచారణకు నేనూ వచ్చాను. బడ్జెట్ మీద చర్చ పెట్టిననాడు ఆ హాలులో మండలి సభ్యులు, వాళ్ల మాటలు రాసుకునే గుమాస్తా తప్ప పురుగు కూడా కనిపించదు. కోళ్లు అనేసరికి కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మనిషికి మూడు నిమిషాలు. ఒకాయన ఆ మూడు నిమిషాలూ కోడిపెంట వాసన గురించే మాట్లాడాడు. ఆయన ఇంట్లో దూడంత కుక్కలు రెండున్నాయి. ఇంకొకావిడ, పక్కింట్లో కోళ్లుంటే తన ఇంటి ధర పడిపోతుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఆవిడ ఒక్కతే నచ్చింది. మిగిలినవాళ్లు ఎలుకలు, నక్కలు, ఈగలు అంటూ ఊరంతా తిరిగారు గానీ, కోడి తిరిగే వీధి బీదవీధిలా కనిపిస్తుందన్న అసలు మాట ఎవరూ పైకి అనలేదు.

ఇక తమ తొమ్మిది పేజీల దివ్యరూపం గురించి. ఇంటికి ఆరు పెట్టలు, అంతకు మించరాదు. గూడు పక్కింటికి పాతిక అడుగుల ఎడంగా ఉండాలి. ఏటా రుసుము కట్టాలి. ఇరుగుపొరుగుల సంతకాలు తేవాలి. గూటి రంగు ఇంటి రంగుతో కలవాలి. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లను మా ఊళ్లో చాలామందిని చూశాను గానీ, ఆ ఈకలకు రంగు కూడా నిర్ణయించేవారిని తమ దగ్గరే చూస్తున్నాను. సంతకాల కోసం వెళ్లినప్పుడు, ఏళ్లుగా చేతులూపుకోవడం తప్ప మాటలు లేని పొరుగువాళ్లతో మొదటిసారి కూర్చుని కాఫీ తాగాను. అందుకు మాత్రం తమకు రుణపడి ఉంటాను. గుడ్లు అమ్మరాదన్నారు, ఊరికే ఇవ్వరాదని ఎక్కడా అనలేదు. సంతకానికి అరడజను చొప్పున మాట ఇచ్చి వచ్చాను.

పుంజు సంగతికొద్దాం. పుంజు పూర్తిగా నిషిద్ధం. కారణం చప్పుడు. తెల్లవారుజామున కూత వినేవాడి బాధ నాకు తెలుసు, కాదనను. కానీ ఆదివారం ఉదయం ఏడు కొట్టగానే మా వీధిలో ఆకులు ఊదే యంత్రాలు మొదలవుతాయి. ఎవరూ తినని పచ్చగడ్డికి నీరు పెట్టి, ఎరువు వేసి, మందు చల్లి, పెరగగానే కోసి పారేయడమనే వ్యవసాయం నడిచే వీధి ఇది. ఆ చప్పుడుకు తమ దగ్గర పేజీ లేదు. ఫ్రాన్సులో ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద పక్కనున్న సెలవులింటివాళ్లు దావా వేస్తే, 2019లో కోర్టు పుంజు పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత 2021లో పల్లె చప్పుళ్లకు, వాసనలకు రక్షణగా అక్కడ చట్టమే వచ్చింది. మోరిస్ దాన్ని చూడకుండానే పోయాడు. తమ మండలి వారికి పుంజులంటే ఎందుకు గిట్టదో నాకర్థం కాదు. ఇద్దరిదీ ఒకటే పద్ధతి. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుందని, తక్కినవి హోదా ప్రకారం దాని వెనుక కూస్తాయని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. విచారణ నాడు అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నాక సాగిన వరుస కూడా అచ్చం అదే.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, అంతే. కాబట్టి పిల్లల్ని కొనాలి. ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చిన మా అమ్మ ఇక్కడే అడ్డుపడింది.

“పుంజు లేకుండా పిల్లలెలా వస్తాయిరా?”

“పోస్టులో వస్తాయమ్మా.”

అమ్మ నావైపు జాలిగా చూసింది. అబద్ధం కాదు. పుట్టేముందు కడుపులోకి లాక్కున్న పచ్చసొన ఆసరాతో కోడిపిల్ల రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా బతుకుతుంది గనక, ఒక రోజు వయసు పిల్లల్ని అమెరికా తపాలా శాఖ 1918 నుంచి చేరవేస్తోంది. అట్టపెట్టెలో కీచుకీచుమంటూ ఆరు వచ్చాయి. స్టాంపు ఎక్కడ అంటించారో చూడాలని అమ్మ పెట్టెను నాలుగు వైపులా తిప్పింది.

చిక్కు అక్కడే ఉంది. ఒక రోజు పిల్లలో పెట్టను, పుంజును వేరుచేయడం ఆరితేరినవాళ్లు కూడా అప్పుడప్పుడు తప్పే పని. పెట్ట అని పంపింది నాలుగైదు నెలలకు నిక్కి నిలబడి కొక్కొరొకో అంటే ఏమిటి దారి? మూడో పేజీ ప్రకారం దాన్ని ఉంచుకోరాదు. ఆరో పేజీ ప్రకారం పట్టణ పరిధిలో కోడిని కోయరాదు. ఏడో పేజీ ప్రకారం పక్షుల అమ్మకం జరపరాదు. వదిలేస్తే జంతువుల్ని అనాథగా వదిలిన నేరం. కూయనివ్వరు, కోయనివ్వరు. పుంజుగా పుట్టిన జీవి చట్టబద్ధంగా చేయగలిగింది పుట్టకుండా ఉండడమొక్కటే. ఆ జాగ్రత్త అది తీసుకోలేదు.

తమ పూర్వీకులు ఇలా ఉండేవారు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు ఇదే దేశపు వ్యవసాయ శాఖ, కోళ్లు పెంచడం మీ ధర్మమని గోడపత్రాలు అంటించింది. ఇంట్లో మనిషికి రెండు పెట్టలు చాలని లెక్క కూడా చెప్పింది. అప్పట్లో పెరటి కోడి దేశభక్తి. యుద్ధం అయిపోయింది, అంగళ్లు పెద్దవయ్యాయి, దేశభక్తి కాస్తా ఇరుగుపొరుగులకు ఇబ్బందిగా మారింది. మళ్లీ 2004లో విస్కాన్సిన్ రాజధాని మ్యాడిసన్ నాలుగు పెట్టలకు తలుపు తీసింది. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటిపోయేనాటికి, పెరట్లో కోళ్లు పెంచుకోవడాన్ని తేలిక చేస్తామని సాక్షాత్తు వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ అన్నారు. కోడి అదే, గుడ్డూ అదే. ధర పెరిగిన ప్రతిసారీ దానికి పౌరసత్వం వస్తోంది.

తమకు నిజంగా భయపడవలసిన విషయం ఒకటుంది, దాన్ని మాత్రం తమరు మరిచారు. తొమ్మిది పేజీల్లో రోగం అన్న మాట లేదు. ఆ గుడ్ల ధర పెరిగిందే బర్డ్ ఫ్లూ వల్ల. లక్షల కోళ్లుండే షెడ్లనే కాదు, పెరటి గూళ్లనూ అది వదల్లేదు. అడవి బాతులు, నీటిపక్షులు మోసుకొచ్చే జబ్బు గనక గూటికి పైకప్పు ఉండాలి, దాణా బయట చిమ్మకూడదు, గూట్లోకి వెళ్లే చెప్పులు వేరుగా ఉండాలి. రంగు గురించి పేరా రాసినవారు పైకప్పు గురించి ఒక వాక్యం రాసి ఉండవచ్చు. సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే క్రిమి ఉంది కాబట్టి కోళ్లను ముద్దు పెట్టుకోవద్దని ఇక్కడి కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ పదే పదే చెబుతుంది. ఆ హెచ్చరిక అవసరమయ్యేంత ప్రేమ ఈ దేశంలో ఉందని తెలిసి అమ్మ చాలాసేపు నవ్వింది.

అమ్మ నవ్విందని మా దేశంలో ఏదో బాగుందనుకోకండి. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అనే రకాలను పెరటి పెంపకం కోసమే తయారు చేసి పెట్టింది. పెరళ్లే మిగల్లేదు. అమ్మ అక్కడ ఉండే అపార్ట్‌మెంటులో కోళ్లు నిషిద్ధమని లిఫ్టు పక్కనే బోర్డు ఉంది. ఆ సంఘం కార్యదర్శి ప్రతి ఆదివారం నాటుకోడి కోసం ఊరవతలకు కారు వేసుకుని వెళతారు. తమకు ఆయనతో పరిచయం చేయించాలని ఉంది, చక్కగా కుదురుతుంది.

చివరగా, వచ్చే గురువారం తమ తనిఖీ అధికారి మా పెరటికి వస్తున్నట్టు నోటీసు అందింది. గూడు, రంగు, దూరం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆరో పెట్ట విషయంలోనే చిన్న సందేహం. దాని తల మీద జుట్టు తోటివాటికంటే ముందుగా ఎర్రబడింది. నడకలో కాస్త పెత్తనం కనిపిస్తోంది. నిన్న తెల్లవారుజామున గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక చప్పుడు చేసింది, దగ్గు కావచ్చు. అమ్మ ఆ చప్పుడు విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ధనియాలు వేయించింది. ఆరో పేజీ సంగతి ఆమెకు చెప్పాను. తమకు ఇంగ్లిషు తప్ప వేరే భాష రాదు కాబట్టి, ఆమె ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడం లేదు.

అది పుంజేనని తేలితే ఏ ఫారం నింపాలో, ఎంత రుసుము కట్టాలో తిరుగు టపాలో తెలియజేయగలరు. ఈలోగా దాన్ని ఇంటిల్లిపాదీ పెట్ట అనే పిలుస్తున్నాం.

ఇట్లు,
ఐదు పెట్టలకూ ఒక అనుమానానికీ యజమాని